క్యాంపు కంప్యూటర్: ఒక డబ్బా, రెండు తెరలు



రెండు వారాల కింద ఈ శీర్షికలో పాత డెస్క్‌టాప్ కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలో రాశాం. అది చదివిన ఒక సోదరుడు అల్ కూజ్ క్యాంపు నుంచి ఇలా అడిగాడు: "అన్నా, మా సైటు ఆఫీసుల ఒక్కొక్కరి ముందర రెండు రెండు తెరలున్నయి. డబ్బా మాత్రం ఒక్కటే. మన దగ్గరున్న పాత కంప్యూటర్‌కు గట్ల పెట్టుకోవచ్చునా? మస్తు ఖర్చయితదా?"

పెట్టుకోవచ్చు. ఖర్చు కూడా భయపడేంత ఉండదు. కాకపోతే తెలియక కొంటే పైసలు పోతాయి. మేము కొన్ని పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాం. మీవి పోకూడదని ఈ వారం ఆ సంగతి రాస్తున్నాం.

ఎనిమిది మంది పడుకునే గదిలో కాళ్లు చాపడానికే జాగా లేదు, ఇంకా రెండు మానిటర్లా అని కొందరు నవ్వవచ్చు. మేమూ మొదట నవ్వినవాళ్లమే. మా గదిలో జరిగింది చెబితే ఎందుకు పెట్టామో మీకే తెలుస్తుంది.

మా తమ్ముడి లెక్క

మేముండేది సోనాపూర్‌లో. మా గదిలో జగిత్యాల వైపు పిల్లవాడు ఒకడున్నాడు. వయసులో అందరికన్నా చిన్న, కాబట్టి అందరికీ తమ్ముడే. స్టీల్ ఫిక్సర్ పని. రాడ్డు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. డ్రాయింగు చదవడం సైట్లోనే చూసి చూసి నేర్చుకున్నాడు. ఇంటర్ దాకా చదివిన లెక్కలు ఇంకా మరిచిపోలేదు. వాళ్ల సైటు ఇంజనీరు ఒకరోజు వాడిని పిలిచి, "ఆఫీసులో బార్ బెండింగ్ షెడ్యూలు చేయడానికి ఒక మనిషి కావాలి. ఎక్సెల్ నేర్చుకో. నెల తర్వాత ఒక పూట కూర్చోబెట్టి చూస్తాను" అన్నాడు.

ఆ పేరు తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. డ్రాయింగులో ఉన్న ప్రతి రాడ్డూ ఎన్ని మిల్లీమీటర్లది, ఎంత పొడవు, ఎక్కడ వంచాలి, ఎన్ని ముక్కలు కావాలి, మొత్తం ఎన్ని కిలోలవుతుంది అని వరసగా రాసే పట్టిక అది. ఆ పట్టిక చూసే ఇనుము తెప్పిస్తారు, కోస్తారు, వంచుతారు. బరువు లెక్కకు సూత్రం సులువే. రాడ్డు మందం ఎన్ని మిల్లీమీటర్లో ఆ అంకెను దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల రాడ్డు మీటరుకు సుమారు 0.89 కిలోలు. 16 మిల్లీమీటర్లదైతే సుమారు 1.58 కిలోలు.

ఎండలో రాడ్డు మోసేవాడికి ఆఫీసులో కుర్చీ దొరకడమంటే చిన్న మాట కాదు. తమ్ముడికి ఏజెంటు దగ్గర పెట్టిన అప్పు తీరలేదు. ఊళ్లో చెల్లె పెళ్లి ఉంది. అందుకని గదిలో తలా ఇంత వేసుకుని, ఒక ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాపు, 17 అంగుళాల మానిటరు తెచ్చాం. ఇంజనీరే పాత డ్రాయింగు ఒకటి ఇచ్చి దాని మీద అభ్యాసం చెయ్యమన్నాడు. ఇక్కడొక మాట. కంపెనీ డ్రాయింగులు అడగకుండా ఫోనులో ఫొటో తీసుకుని రావద్దు. అడిగితే ఇచ్చేవాళ్లున్నారు. అడగకుండా తెస్తే ఉద్యోగానికే ముప్పు.

పది రోజులు గడిచాయి. తమ్ముడు పట్టిక చేస్తున్నాడు, తప్పులు పోతున్నాయి. సూత్రం తప్పు కాదు. కూడికలు ఎక్సెల్ చేసేవే కాబట్టి అవీ తప్పు కాదు. అంకెలు తప్పు. ఒక రాత్రి పక్కన కూర్చుని చూశాం. డ్రాయింగు తెరిచి 16 అని చూస్తాడు. అది కిందికి దించి ఎక్సెల్ తెరుస్తాడు. పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చిన కళ్లు. ఈలోగా పై మంచం మీది మామ "ఉప్పు ఏడ పెట్టినవ్‌రా?" అని అడుగుతాడు. పట్టికలో 12 అని పడుతుంది.

బావి దగ్గర్నుంచి దోసిట్లో నీళ్లు ఇంటికి తెచ్చినట్టుంది వాడి పని. దోసిలి మంచిదే. దారి పొడుగైపోయింది.

ఆ ఒక్క అంకెతో ఏమవుతుందో చూడండి. 3 మీటర్ల ముక్కలు 100 కావాలనుకుందాం. మొత్తం 300 మీటర్లు. 16 మిల్లీమీటర్ల రాడ్డు అయితే సుమారు 474 కిలోలు. 12 అని పడితే సుమారు 267 కిలోలు. రెండు వందల కిలోల పైచిలుకు ఇనుము కాగితం మీదే మాయం. అలాంటి పట్టిక ఇంజనీరు చేతికి వెళ్తే మా తమ్ముడు మళ్లీ రాడ్డు కిందికే.

డ్రాయింగు ఒక తెర మీద కదలకుండా ఉండి, ఎక్సెల్ ఇంకో తెర మీద ఉంటే? అంకెను బుర్రలో మోసే పని ఉండదు. మెడ తిప్పితే చాలు. ఆఫీసు వాళ్లు రెండు తెరలు పెట్టుకునేది షోకు కోసం కాదని అప్పుడు తెలిసింది.

ముందు ఖర్చు లేని దారి

కొనే ముందు ఒకటి చేసి చూడండి. మీ మానిటరు వెడల్పుగా, 22 అంగుళాలో 24 అంగుళాలో ఉంటే ఒకే తెరను రెండు భాగాలు చేయవచ్చు. ఒక కిటికీ తెరిచి, కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ పట్టుకుని ఎడమ బాణం నొక్కండి. అది తెరలో ఎడమ సగానికి వెళ్తుంది. రెండోది తెరిచి విండోస్ కీతో కుడి బాణం నొక్కండి. చాలామందికి ఇంతే సరిపోతుంది. మాది పాత 17 అంగుళాలది కాబట్టి సగం తెర మీద డ్రాయింగులో అంకెలు చీమల్లా కనబడ్డాయి. అందుకే రెండోది కొన్నాం.

మేము చేసిన తప్పు

సెలవు రోజు చూసుకుని ఇద్దరం బర్ దుబాయ్ వెళ్లాం. ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు కంప్యూటర్ షాపులకు పేరున్న చోటని మీలో చాలామందికి తెలుసు. ఒక షాపులో, "ఒక కంప్యూటర్‌కు రెండు మానిటర్లు కలిపే వైరు ఇవ్వండి" అన్నాం. అతను ఇచ్చాడు. ఒక వైపు ఒక మూతి, రెండో వైపు రెండు మూతులు. వై అక్షరంలా ఉంది. పాత మానిటరు కూడా ఒకటి తీసుకున్నాం. సంతోషంగా వచ్చి గుచ్చాం. రెండు తెరలూ వెలిగాయి. గదంతా చప్పట్లు.

తమ్ముడు డ్రాయింగు తెరిచాడు. రెండు తెరల మీదా డ్రాయింగే వచ్చింది. ఎక్సెల్ తెరిచాడు. రెండింటి మీదా ఎక్సెలే.

"గిదేందే అన్నా, రెండు పెట్టినా ఒక్కటే బొమ్మ వస్తాంది?"

షాపు అతని తప్పేమీ లేదు. మేము అడిగినదే ఇచ్చాడు. దాన్ని స్ప్లిట్టర్ అంటారు. ఒకే నీళ్ల పైపుకు రెండు కుళాయిలు బిగించినట్టు, ఒకే బొమ్మను రెండుగా పంచుతుంది. హోటల్లో రెండు మూలలా ఒకే మ్యాచ్ చూపించడానికి అది సరే. రెండు తెరల మీద రెండు వేర్వేరు పనులు కావాలంటే కంప్యూటర్‌లోంచే రెండు వేర్వేరు దారులు బయటికి రావాలి. స్ప్లిట్టర్ పెట్టినప్పుడు కంప్యూటర్‌కు అవతల ఒక్క మానిటరే ఉన్నట్టు తెలుస్తుంది. ఎన్ని మీటలు నొక్కినా లాభం లేదు.

కాబట్టి షాపుకు వెళ్లే ముందు ఇంటి దగ్గర చేయాల్సిన పని ఒకటుంది. డబ్బా వెనక వైపు, మానిటర్ల వెనక వైపు ఫోనుతో ఫొటోలు తీసుకోండి. షాపులో మాట కన్నా ఆ ఫొటోలే మీకు ఎక్కువ పనికొస్తాయి.

వెనక వైపు ఏముంటాయి

మానిటరు వైరు గుచ్చే చోటును పోర్టు అంటారు. మీకు కనబడేవి నాలుగు రకాలు.

మొదటిది వీజీఏ. 1987లో వచ్చింది. సాధారణంగా నీలం రంగులో, 15 రంధ్రాలు మూడు వరసల్లో, అటూ ఇటూ స్క్రూలు బిగించే చోటు ఉంటుంది. పాత మానిటర్లలో చాలావాటికి ఇదే.

రెండోది డీవీఐ. 1999లో వచ్చింది. వీజీఏ కన్నా వెడల్పు, ఎక్కువగా తెల్ల రంగు. దీనికీ స్క్రూలుంటాయి.

మూడోది హెచ్‌డీఎంఐ. 2002లో వచ్చింది. టీవీల వెనక ఉండేది ఇదే. చపటగా ఉండి కింది రెండు మూలలూ లోపలికి కోసినట్టు ఉంటాయి. బొమ్మతో పాటు శబ్దం కూడా ఇందులోంచే వెళ్తుంది.

నాలుగోది డిస్‌ప్లే పోర్ట్. 2006లో వచ్చింది. చూడడానికి హెచ్‌డీఎంఐ లాగే ఉంటుంది కానీ ఒక్క మూల మాత్రమే కోసి ఉంటుంది. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెస్క్‌టాపుల్లో ఇది బాగా కనబడుతుంది. ఉదాహరణకు 2012 నాటి డెల్ ఆప్టిప్లెక్స్ 7010కి వెనక ఒక వీజీఏ, రెండు డిస్‌ప్లే పోర్టులు ఉంటాయి. అంటే రెండు తెరలకు దారి దాంట్లో ముందే ఉంది. మా డబ్బాకూ అలాగే ఉంది. మేము చూసుకోలేదంతే.

ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ రెండో తరం వాటిలో రెండు తెరలను, మూడో తరం నుంచి మూడు తెరలను నడపగలదు. డబ్బా వెనక రెండు పోర్టులుంటే చాలావరకు కొత్తగా ఏ కార్డూ అక్కర్లేదు.

మీ డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. అప్పుడు పోర్టులు రెండు చోట్ల కనబడతాయి. కీబోర్డు, మౌస్ గుచ్చే వరస దగ్గర కొన్ని, కింద అడ్డంగా ఉన్న కార్డు మీద కొన్ని. రెండు మానిటర్లూ కార్డు మీదే గుచ్చండి. కార్డు ఉన్నప్పుడు పై వరసలోని పోర్టులు చాలా కంప్యూటర్లలో పని చేయడం మానేస్తాయి.

దుబాసీ ఎప్పుడు కావాలి

డబ్బాకు ఒక రకం పోర్టు, మానిటరుకు ఇంకో రకం ఉంటే ఏం చేయాలి? ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు.

వీజీఏ బొమ్మను అలలుగా పంపుతుంది. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ అంకెలుగా పంపుతాయి. ఒకరిది తెలుగు, ఒకరిది అరబ్బీ అనుకోండి. ఊరికే ఎదురెదురుగా నిలబెడితే మాట కలవదు. మధ్యలో దుబాసీ కావాలి. ఆ దుబాసీయే కన్వర్టర్. దాని లోపల చిన్న చిప్పు ఉంటుంది. ఒక చివర హెచ్‌డీఎంఐ, ఒక చివర వీజీఏ ఉండి మధ్యలో ఉత్త వైరు మాత్రమే ఉన్నవి చవకగా దొరుకుతాయి. వాటిని కొనకండి. లోపల దుబాసీ లేడు.

ఇంకో సంగతి. ఈ దుబాసీలకు ఒక వైపే అనువాదం వచ్చు. హెచ్‌డీఎంఐ డబ్బా నుంచి వీజీఏ మానిటరుకు వెళ్లేది వేరు, వీజీఏ డబ్బా నుంచి హెచ్‌డీఎంఐ మానిటరుకు వెళ్లేది వేరు. అందుకే షాపులో "కంప్యూటర్ వైపు ఇది, మానిటర్ వైపు ఇది" అని రెండు వైపులూ చెప్పాలి.

డీవీఐ డిజిటల్ పోర్టుకు, హెచ్‌డీఎంఐకి దుబాసీ అక్కర్లేదు. ఇద్దరిదీ ఒకే భాష, యాస తేడా. మామూలు వైరు చాలు. ఆఫీసు డెస్క్‌టాపుల మీది డిస్‌ప్లే పోర్టు చాలావరకు హెచ్‌డీఎంఐ భాష కూడా మాట్లాడగలదు. కాబట్టి డిస్‌ప్లే పోర్టున్న డబ్బా నుంచి హెచ్‌డీఎంఐ ఉన్న మానిటరుకు మామూలు వైరు పని చేస్తుంది. అదే వైరును తిప్పి హెచ్‌డీఎంఐ డబ్బాకు, డిస్‌ప్లే పోర్టు మానిటరుకు గుచ్చితే పని చేయదు. చూడడానికి వైరు ఒక్కటే అయినా దారి ఒకవైపే.

మేము చివరికి చేసిందిది. పాత 17 అంగుళాల మానిటరును వీజీఏకు వదిలేశాం. కొత్తగా తెచ్చిన దానికి హెచ్‌డీఎంఐ ఉంది కాబట్టి డిస్‌ప్లే పోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే వైరు ఒకటి కొన్నాం. రెండోసారి బర్ దుబాయ్ వెళ్లిన బస్సు చార్జీలు, స్ప్లిట్టర్ ఖరీదు మాత్రం నీళ్లపాలు. మీరు ఆ ఫొటోలు తీసుకుని వెళ్తే ఒక్కసారితో అయిపోతుంది.

కరెంటు జాగ్రత్తలు

22 అంగుళాల ఎల్‌ఈడీ మానిటరు సాధారణంగా 20 నుంచి 30 వాట్లు తీసుకుంటుంది. అది భారం కాదు. అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు నీళ్లు కాగబెట్టే కెటిలో, ఇస్త్రీ పెట్టెనో గుచ్చడమే ప్రమాదం. కంప్యూటర్ బోర్డు కంప్యూటర్‌కే ఉంచండి. మూడు పిన్నుల ప్లగ్గు సరిపడక మధ్య పిన్ను విరగ్గొట్టే వాళ్లను చూశాం. అది ఎర్త్. ప్రాణాలు కాపాడేది అదే. గదిలో కొత్త సామాను పెట్టే ముందు క్యాంపు బాస్‌కు ఒక మాట చెప్పండి.

కొన్ని పాత డబ్బాల వెనక కరెంటు వైరు పక్కన 115, 230 అని రాసిన చిన్న ఎర్ర మీట ఉంటుంది. ఇక్కడ అది 230 వైపే ఉండాలి. 115 మీద ఉండగా స్విచ్చి వేస్తే లోపల ఢాం అంటుంది. ఆ మీట లేకపోతే చింత లేదు, దానంతట అదే సర్దుకునే రకం.

కలిపే పద్ధతి

డబ్బా, మానిటర్లు ఆపేసి వైర్లు గుచ్చండి. వీజీఏ స్క్రూలను వేళ్లతో బిగిస్తే చాలు. డిస్‌ప్లే పోర్టు వైరు మూతికి చాలావాటికి చిన్న కొక్కెం ఉంటుంది. తీసేటప్పుడు పైనున్న మీట నొక్కి తీయాలి. లాగితే పోర్టే ఊడి వస్తుంది.

ఇప్పుడు అన్నీ వేయండి. మొదట వచ్చే కంపెనీ గుర్తు ఒక తెర మీదే కనబడి రెండోది నల్లగా ఉండవచ్చు. కంగారు పడకండి, విండోస్ వచ్చాక అది వెలుగుతుంది.

విండోస్ కీ పట్టుకుని పి అక్షరం నొక్కండి. విండోస్ 7 నుంచి ఇది ఉంది. నాలుగు మాటలు వస్తాయి. మొదటిది ఒక్క తెరకే. రెండోది డూప్లికేట్, అంటే రెండింటి మీదా ఒకే బొమ్మ. మూడోది ఎక్స్‌టెండ్, అంటే తెరను సాగదీయడం. మనకు కావలసింది ఇదే. నాలుగోది రెండో తెరకే.

ఎక్స్‌టెండ్ చేశాక తెర మీద ఖాళీ చోట మౌస్ కుడి మీట నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. 1, 2 అని రెండు పెట్టెలు కనబడతాయి. ఐడెంటిఫై నొక్కితే ఏ మానిటరు ఏ అంకెదో తెర మీదే చూపిస్తుంది. మీ బల్ల మీద ఏది ఎడమన ఉందో ఆ పెట్టెను మౌస్‌తో పట్టి ఎడమకు జరపండి. ఇది చేయకపోతే మౌస్ కుడికి పోవాల్సింది ఎడమకు పోతుంది. తమ్ముడు ఒక పూటంతా బాణం ఎక్కడికి పోయిందా అని వెతికాడు.

మీరు ఎక్కువ పని చేసే తెరను ఎంచుకుని, మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే అన్నచోట టిక్కు పెట్టండి. ప్రతి తెరకు రిజల్యూషన్ దగ్గర రికమెండెడ్ అని రాసినదే ఉంచండి. తెరిచిన కిటికీని ఒక తెర నుంచి ఇంకోదానికి పంపాలంటే మౌస్‌తో లాగవచ్చు. లేదా విండోస్ కీ, షిఫ్ట్ కలిపి పట్టుకుని బాణం కీ నొక్కవచ్చు.

రాకపోతే ఏం చూడాలి

నో సిగ్నల్ అని వస్తే ముందు మానిటరు మీది మీటలు చూడండి. దానికి వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉంటే అది తప్పు దారి వైపు చూస్తూ ఉండవచ్చు. ఇన్‌పుట్ లేదా సోర్స్ అన్న మీట నొక్కి మీరు గుచ్చిన దారి ఎంచుకోండి. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరతాయి. తర్వాత రెండు వైర్లూ ఒకదాని బదులు ఒకటి మార్చి చూడండి. తప్పు వైరుదా, మానిటరుదా, పోర్టుదా అని తెలిసిపోతుంది.

హెచ్‌డీఎంఐ పెట్టాక శబ్దం పోయిందని ఒకరు రాశారు. పోలేదు, మానిటరులోకి వెళ్లింది. ఆ మానిటరుకు స్పీకర్లు లేవు. గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు నొక్కి మీ పాత స్పీకరును ఎంచుకోండి.

డబ్బాకు ఒక్కటే పోర్టుంటే రెండు దారులు. లోపల జాగా ఉంటే పాత గ్రాఫిక్స్ కార్డు వేయించవచ్చు. సన్నటి డబ్బాకు పొట్టి కార్డే పడుతుంది. షాపులో లో ప్రొఫైల్ అని అడగాలి. లేదంటే యూఎస్‌బీకి గుచ్చే డిస్‌ప్లే అడాప్టర్ దొరుకుతుంది. దానికి డ్రైవర్ వేసుకోవాలి. పట్టికలు, డ్రాయింగులు చూడడానికి సరిపోతుంది, సినిమాలకు కాదు.

మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంటే మీ పని ఇంకా సులువు. దానికి ఒక తెర ఉండనే ఉంది. ఒక మానిటరు, ఒక వైరు చాలు. గదిలో టీవీకి హెచ్‌డీఎంఐ ఉంటే అదీ మానిటరే. మ్యాచ్ ఉన్న రోజు మాత్రం అడగకండి.

ఎక్సెల్ కొనాల్సిన పని లేదు. లిబ్రె ఆఫీస్ ఉచితం, అందులో పట్టికలు చేసే కాల్క్ ఉంటుంది. గీతలు గీయడం నేర్చుకునే వాళ్లకు లిబ్రె క్యాడ్ ఉచితం. ఇంకొక హెచ్చరిక. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. పాత డబ్బాల్లో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలాంటి దాని మీద పని నేర్చుకోండి, డబ్బులు పంపే బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

తమ్ముడు ఇప్పుడెక్కడున్నాడు

కింది మంచానికి, గోడకు మధ్య ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చిన ప్లైవుడ్ ముక్క వేసి రెండు మానిటర్లూ పెట్టాం. నైట్ డ్యూటీ వాళ్లు పగలు పడుకుంటారు, పగలు డ్యూటీ వాళ్లు రాత్రి పడుకుంటారు. కాబట్టి వెలుగు తగ్గించి, తెరలు గోడవైపు ఒరిగేలా తిప్పాం. పది గంటలకు ఆపేయాలని గదిలో మాట అనుకున్నాం. రెండు తెరల కన్నా ఎనిమిది మంది నిద్ర ముఖ్యం.

ఎడమ తెర మీద డ్రాయింగు, కుడి తెర మీద పట్టిక. మొదటి రాత్రే అంకెల తప్పులు తగ్గాయి. మిగిలిన తప్పులు అసలు కనబడడం మొదలైంది. వంపుల దగ్గర ఎంత పొడవు తీసేయాలో వాడికి సరిగ్గా రాదని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ అంకెల తప్పుల కింద అది దాక్కుని ఉంది. ఉన్న వారం రోజులూ అదే కూర్చుని నేర్చుకున్నాడు.

చెప్పిన రోజు ఇంజనీరు ఒక ఫుటింగు ఇచ్చి పట్టిక చేయమన్నాడు. తమ్ముడు రెండు గంటల్లో చేశాడు. రెండు తప్పులు పోయాయి, రెండూ వంపుల దగ్గరే. అంకె ఒక్కటీ తప్పు పోలేదు. "వారానికి రెండు సాయంత్రాలు వచ్చి కూర్చో, చూద్దాం" అన్నాడట.

జీతం పెరగలేదు. కాగితం మీద ఇంకా స్టీల్ ఫిక్సరే. అది మారితే, ఒప్పందంలో కూడా మారిందో లేదో కార్మిక శాఖ యాప్‌లో చూసుకోమని చెప్పాం. ఉత్త మాట మీద పని మారవద్దని మీకూ చెబుతున్నాం. ఆ రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేసి మాత్రం తమ్ముడు వాళ్లమ్మతో, "ఆఫీసుల కూసున్ననే" అన్నాడు. ఎన్ని సాయంత్రాలకో చెప్పలేదు. మేమూ ఏమనలేదు.

రెండో తెర ఎవరికీ పని నేర్పదు. నేర్చుకునేవాడి దారిలో ఉన్న ఒక రాయిని తీసి పక్కన పెడుతుంది, అంతే. మా తమ్ముడికి ఆ రాయి ఒక మానిటరు, ఒక వైరు ఖరీదు. మీ గదిలో కూడా బుర్ర ఉండి రాయి తగిలి ఆగినవాడు ఒకడుంటే, తలా ఇంత వేసుకోండి.

మీ డబ్బా వెనక ఏయే పోర్టులున్నాయో రాసి పంపితే ఏ వైరు కొనాలో చెబుతాం. వచ్చే వారం: ఇంటికి వీడియో కాల్ చేస్తే మాట ఆగి ఆగి వస్తోందా? గదిలో పది మంది ఒకే వైఫై వాడేటప్పుడు ఏం చేయాలో చూద్దాం.

అంతవరకు సెలవు.